సంధ్యవేళ కొట్టకూడని మాట

ఒక ఇంటిని, దాని కింద ఉన్న ఇంకో ఇంటిని, వాటితోపాటు ఒక పెళ్ళి సంబంధాన్ని, మూడింటినీ ఒకే సాయంత్రం ఎలా ముంచవచ్చో తెలుసుకోవాలని ఉంటే ఇలా వచ్చి కూర్చోండి పిల్లలూ. ముంచడమని మాటవరసకి అనడం లేదు. నీళ్ళు నిజంగానే పడ్డాయి.

మొన్న ఆదివారం ఫోన్లో చిన్నా గోడవైపు తిరిగి ఏదో అన్నాడు, మీ పుణె ఇంట్లో లైటు వెలిగింది. ఇంకోసారి అన్నాడు, అది పోయింది. "అమ్మమ్మా, మీ రోజుల్లో ఇలాంటివి లేవు కదా, పాపం" అని నామీద జాలిపడ్డాడు. నిత్య కూడా పక్కనుంచి పెద్దమనిషిలా తల ఊపింది. నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాదని మీకు తెలుసు. కానీ నాయనా, నువ్వు పుట్టకముందే, ఎర్రజెండాల రాజ్యం ఇంకా నడుస్తున్న రోజుల్లోనే, ఈ కలకత్తాలో మీ అమ్మమ్మ కుర్చీలోంచి లేవకుండా లైట్లు వెలిగించింది, ఫాను తిప్పింది, నీళ్ళ మోటారు ఆడించింది. నోటితో కాదు, వేళ్ళతో. నల్లటి తెరమీద తెల్లటి అక్షరాలు కొట్టి. ఆ విద్య ఎంతవరకూ వెళ్ళిందో, ఎందుకు ఆగిపోయిందో ఇప్పుడు చెబుతాను. మీకు తెలుగు అక్షరాలు ఇంకా తడబడతాయి కనక మీ అమ్మ చదివి వినిపిస్తుంది. నవ్వొచ్చినచోట ఆపొద్దని ఆవిడకి చెప్పండి.

అప్పటికి మేం గార్డెన్ రీచ్‌లో ఒక మేడమీద అద్దెకుండేవాళ్ళం. మీ తాతయ్యకి ఓడరేవులో గుమాస్తా పని. మీ అమ్మకి పెళ్ళయి పుణె వెళ్ళిపోయింది. మీ మామయ్య శేఖర్ రోజూ ఆఫీసు బస్సెక్కి సాల్ట్ లేక్ వెళ్ళి కంప్యూటర్ ఉద్యోగం చేసి వచ్చేవాడు. కింద వాటాలో ఇల్లుగలాయన ఘోషాల్ బాబు, రిటైరైన లెక్కల మాస్టారు, ఎర్రజెండా మనిషి. ఆయనకి దేవుడంటే నమ్మకం లేదు. మా గుమ్మంలో నిలబడి దేవుడు ఎందుకు లేడో తీరిగ్గా వివరించి, నేనిచ్చిన ప్రసాదం తిని, "బౌదీ, పులిహోర అద్భుతం. దేవుడు మాత్రం లేడు" అని మెట్లు దిగిపోయేవాడు. బౌదీ అంటే వదిన. ఈ ఊళ్ళో నా పేరు అదే. అసలు పేరు రేషన్ కార్డులో ఉంది.

శేఖర్ మామయ్యకి ఆఫీసులో చేసిన కంప్యూటర్ పని చాలక ఇంటికొచ్చి కూడా అదే చేసేవాడు. ఒక పాత కంప్యూటర్ని హాలు మూలలో పెట్టాడు. దాని వెనకనించి ఒక తీగల కట్ట లాగి, చెప్పులజోడు పెట్టంత డబ్బాకి తగిలించాడు. ఆ డబ్బాలోంచి ఇల్లంతా తీగలే. హాలు లైటు, టేబుల్ ఫాను, వంటింట్లో మిక్సీ, ఫ్రిజ్జు, తాతయ్య రేడియో, మిద్దెమీద ట్యాంకుకి నీళ్ళెక్కించే మోటారు, దేవుడి అలమరలో చిన్న బల్బు, అన్నీ ఆ డబ్బా చేతికిందే. తెరమీద 'ఆన్' అని, పక్కన ఆ వస్తువు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే, డబ్బా లోపల 'టక్' మని మెటిక విరిచినట్టు చప్పుడయ్యేది, ఆ వస్తువు లేచి పనిచేసేది. గోడమీద స్విచ్చులు ఇంక దేనికని విప్పేశాడు. వాటి స్థానంలో నాలుగు చెక్కముక్కలు బిగించాడు.

"స్విచ్చు నొక్కితే పోయేదానికి ఇంత రామాయణం ఏటిరా?" అన్నారు తాతయ్య.

"లేవక్కర్లేదు నాన్నా."

"కంప్యూటర్ దాకా నడవాల కదేటి?"

నాకు మాత్రం ఆ పెట్టె నచ్చింది. నేను పెళ్ళికి ముందు శ్రీకాకుళంలో టైపు లోయర్ పాసైన మనిషిని. పాసయ్యాక ఆ వేళ్ళకి పప్పు రుబ్బడం తప్ప ఇంకో ఉద్యోగం దొరకలేదు. ఇన్నేళ్ళకి నా ముందు అక్షరాల పలక కనబడేసరికి, పది వేళ్ళూ ఎండాకాలం సెలవులిచ్చిన పిల్లల్లా పరిగెత్తాయి. వారం తిరక్కుండా మామయ్యకన్నా వేగంగా కొట్టేదాన్ని.

చిక్కల్లా ఒక్కచోటే వచ్చింది.

"దేవుడి బల్బు తియ్యాలంటే 'ఆఫ్ దేవుడు' అని కొట్టాలమ్మా" అన్నాడు మామయ్య.

"ఏటీ?"

"ఆఫ్ దేవుడు."

"దేవుడి దీపం పక్కన ఆ మాట రాయిస్తావేట్రా నా చేత?"

"అమ్మా, అది బల్బు. జీరో బల్బు."

"దేవుడి ముందర పెట్టాక అది దీపమే. జీరో అయితే చిన్న దీపం."

"ఇంగ్లీషు మాటే కదమ్మా. సింహాద్రి అప్పన్నకి ఇంగ్లీషు ఏటి తెలుస్తాది?"

"నీకు ఉద్యోగం ఏ భాషలో ఇప్పించాడ్రా?"

మీకు ఈ సంగతి తెలియకపోవచ్చు. మన ఇళ్ళలో దీపాన్ని ఆర్పమని అనరు. ఆరిపోయిందని అనరు. దీపం కొండెక్కింది అంటారు. ఎందుకో అడగకండి. మా అమ్మని అడిగితే మొట్టికాయ వేసింది. నాకు ఆ జవాబే అర్థమైంది. అందులోనూ సంధ్యవేళ, లక్ష్మి ఇంట్లోకొచ్చే సమయంలో, అలాంటి మాట నోట రానివ్వకూడదు. వేళ్ళ సంగతి పెద్దలు చెప్పలేదు కానీ, వాళ్ళకి టైపు రాదు కనక చెప్పలేదని నా అభిప్రాయం.

మామయ్య తల పట్టుకుని, చివరికి నాకోసం ప్రత్యేకంగా ఒక ఆజ్ఞ తయారుచేశాడు. 'కొండ దేవుడు' అని కొడితే బల్బు మర్యాదగా కొండెక్కేది. అక్కడితో నేను ఊరుకున్నానా?

"లైటు మాత్రం లక్ష్మి కాదేట్రా? దానికీ కొండే పెట్టు."

"సరే."

"ఫానంటే వాయుదేవుడు. నీళ్ళ మోటారు గంగమ్మ. మిక్సీ అన్నపూర్ణ."

"రేడియో ఎవరమ్మా?"

"సరస్వతి."

అలా మా ఇంట్లో అన్నిటికీ కొండ పెట్టించాను. అయితే ఒకసారి ఫ్రిజ్జుని కూడా పొరపాటున కొండెక్కించి, ఇంటిల్లిపాదికీ పులిసిన పెరుగు పోశాను. అప్పట్నించీ మామయ్య జాగ్రత్తపడి, నేను కొండ అన్నప్పుడల్లా 'ఖాయమేనా?' అని ఆ పెట్టె నన్ను అడిగేలా చేశాడు. ఖాయమని ఒప్పుకుంటేనే పని జరిగేది. ఒక్కో వస్తువుకి ఒక్కో కొండ, ఒక్కో ఖాయం. తిరుపతి మెట్లలాగ ఒక్కొక్కటే ఎక్కాలి.

పాత 'ఆఫ్' మాటని మాత్రం వాడు తీసెయ్యలేదు. పక్కన ఏ పేరూ లేకుండా ఆ ఒక్కమాట కొడితే, ఏమీ అడక్కుండా, ఇల్లంతా ఒక్కసారి ఆగిపోయేది. "ఏదైనా ప్రమాదమొస్తే కొట్టమ్మా" అన్నాడు.

"ప్రమాదంలో ఉన్నప్పుడు అసలే అలాటి మాట అనకూడదురా" అన్నాను. వాడు దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఇలా మేం సుఖంగా ఉండగా, మీ సుధత్త సంగతి బయటపడింది. మామయ్య ఆఫీసులోనే తనకీ ఉద్యోగం. ఇద్దరూ ఇష్టపడ్డారు. సుధ నాన్నగారు రామ్మూర్తిగారు బ్యాంకులో పెద్ద ఆఫీసరు, విజయవాడ నించి బదిలీమీద వచ్చి సాల్ట్ లేక్‌లో ఉంటున్నారు. మేమా, శ్రీకాకుళం నించి ఓడరేవులో కూలికొచ్చిన వాళ్ళ సంతానం. వాళ్ళు 'ఏమిటండీ' అంటారు, మేం 'ఏటండీ' అంటాం. ఈ 'మి'కి అటూ ఇటూ పెద్ద గోడ ఉంటుందని మీకెవరూ చెప్పి ఉండరు. రామ్మూర్తిగారు కాదనలేదు, అవుననలేదు. "ఒకసారి మీ ఇల్లు చూసి చెబుతాం" అని కబురు పెట్టారు.

"అమ్మా, వాళ్ళ నాన్న కాదంటే సుధ ఆయన మాట దాటదు" అన్నాడు మామయ్య. "నేను ఇంకెవర్నీ చేసుకోను. అంతా ఈ ఒక్క సాయంత్రం మీదే ఉంది. నువ్వు కాఫీ ఇయ్యి, పలహారం పెట్టు. ఆ కంప్యూటర్ జోలికి మాత్రం ఎల్లకు."

"నానేటి చేస్తానురా?" అన్నాను.

ఆ ప్రశ్నకి జవాబు మీకు కాసేపట్లో తెలుస్తుంది.

వాళ్ళు సాయంత్రం దీపాలు పెట్టేవేళకి వచ్చారు. రామ్మూర్తిగారు తెల్లచొక్కా, బంగారు ఫ్రేము కళ్ళజోడు. ఆయన భార్య శారదగారు పట్టుచీర కట్టుకుని మా పేము కుర్చీ అంచుమీద, అది బ్యాంకు తాకట్టులో ఉన్న కుర్చీ అన్నట్టు, జాగ్రత్తగా కూర్చున్నారు. ఆవిడ నన్ను 'మీరు' అంటే మీరే, ఇంకే వరసా లేదు. నేను ఆవిడని 'అమ్మగారూ' అన్నాను. తాతయ్య ఎవర్నీ ఏమీ అనకుండా నవ్వుతూ కూర్చున్నారు. మా ఇంట్లో కష్టమైన పనులన్నీ ఆయన అలాగే చేసేవారు.

"ఈ గోడకి చెక్కముక్కలేమిటండీ?" అని అడిగారు శారదగారు.

మామయ్య నావైపు చూశాడు. వద్దన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాడు. నేను కూడా నోరు కట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, ఇడ్లీల్లోకి కొబ్బరీ, మామిడికాయా, ఎండుమిరపకాయలూ మిక్సీ గిన్నెలో వేశాను. మూత కోసం వెతుకుతున్నాను. అప్పుడు పోయింది కరెంటు.

ఆ రోజుల్లో కలకత్తాలో కరెంటు పోవడం వింత కాదు. దానికి లోడ్‌షెడ్డింగ్ అని ముద్దుపేరు కూడా ఉండేది. మెటియాబ్రుజ్ వైపునుంచి రోజంతా వినబడే దర్జీల మిషన్ల రొద ఠక్కున ఆగిపోతే, ఓహో మొత్తం పేటకే పోయిందని తెలిసేది. మూతని అక్కడే వదిలేసి కొవ్వొత్తి వెలిగించుకుని హాల్లోకొచ్చాను. మామయ్య "చల్లగా ఏదైనా తెస్తాను" అని సందులోకి దిగాడు. వెళ్తూ వెళ్తూ నా చెవిలో "జాగ్రత్త" అన్నాడు. దేనికో చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది.

ఇల్లంతా చీకటి. మూలలో కంప్యూటర్ తెర మాత్రం వెలుగుతోంది. దానికీ ఆ డబ్బాకీ కలిపి మామయ్య ఒక బ్యాటరీ పెట్టె పెట్టాడు.

రామ్మూర్తిగారు మర్యాదకి అడిగారు. "అదేదో మీ అబ్బాయి చేశాడట కదా. కరెంటు లేనప్పుడు పనిచెయ్యదేమో?"

పిల్లలూ, ఇక్కడ నేను ఊరుకోవాల్సింది, ఊరుకున్నదానికి ఊరంతా చుట్టాలే. కానీ ఆయన 'పనిచెయ్యదేమో' అన్న తీరులో నాకు 'ఓడరేవు వాళ్ళ ఇంట్లో ఏం పనిచేస్తుందిలే' అన్న మాట వినబడింది. ఆయన అలా అనలేదు. ఇప్పటికీ అనలేదనే అంటారు. కానీ నాకు వినబడింది.

"ఎందుకు పనిచెయ్యదండీ!" అని కుర్చీ లాక్కున్నాను.

"ఏమే, ఊరుకోయే" అన్నారు తాతయ్య.

"ఊరుకోడానికేటుంది? కరెంటు లేదు కదా, ఏటవుద్ది?"

'ఆన్ హాల్' అని కొట్టాను. టక్.

"విన్నారా? అది హాలు లైటు."

"వెలగలేదు కదండీ" అన్నారు శారదగారు.

"కరెంటుంటే వెలుగును. పెట్టె మాట వింటందా లేదా, అదీ చూడాలి." 'ఆన్ ఫాన్' కొట్టాను. టక్. "ఇది ఫాను. మీ ముందరున్న టేబుల్ ఫానే." టక్. "ఇది రేడియో. చప్పుడు కాస్త పెద్దదే పెట్టి ఉంచుతారు మావారు, చెవి మందం." టక్. "ఇది మిక్సీ." టక్. "ఇది నీళ్ళ మోటారు. మిద్దెమీద ట్యాంకుకి. ట్యాంకు మధ్యాన్నమే నిండిపోయిందనుకోండి."

కొవ్వొత్తి వెలుగులో పది వేళ్ళతో వీణ కచేరీ చేస్తున్నట్టుంది నాకు. రామ్మూర్తిగారు "భలే" అన్నారు. శారదగారు "శబ్దం బాగానే వస్తోందండీ" అన్నారు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఓడరేవు పరువు నిలబెట్టినదాన్నై కూర్చున్నాను.

ఆ డబ్బాకి ఒక మంచి గుణం ఉంది. చెప్పిన మాట మరిచిపోదు. మనుషుల్లో అలాంటివాళ్ళు అరుదని నేను దాన్ని మెచ్చుకునేదాన్ని కూడా. నేను అన్నిటినీ లేపాను, మళ్ళీ ఒక్కదాన్నీ కొండెక్కించలేదు. అవన్నీ లేచి, బట్టలు కట్టుకుని, కరెంటు కోసం గుమ్మంలో నిలబడి ఉన్నాయి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. నేను దీపం లేనప్పుడు చక్కబెట్టాను.

సందులో పిల్లలందరూ ఒక్క గొంతుతో "ఎషే గేఛే!" అని కేకపెట్టారు. వచ్చేసింది అని. కరెంటు వస్తే ఈ ఊళ్ళో అలా స్వాగతం చెబుతారు.

మొదట హాలు లైటు వెలిగింది. నేను చిరునవ్వు నవ్వాను. ఆ చిరునవ్వు పూర్తికాకముందే రేడియో లేచింది. ఫుట్‌బాల్ ఆట చెబుతున్నాయన సరిగ్గా అప్పుడే "గో... ఓ... ఓ... ల్!" అని మా హాల్లో కేకపెట్టాడు. శారదగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. టేబుల్ ఫాను ఆమె ముందున్న కాజాల పళ్ళెంలోంచి పంచదార మొత్తాన్ని రామ్మూర్తిగారి తెల్లచొక్కా మీదకి బదిలీ చేసింది. ఇంక వంటింట్లో అన్నపూర్ణ. మూతలేని మిక్సీ తిరగడం మీరెప్పుడైనా చూశారా? చూడకండి. కొబ్బరీ మామిడికాయా మిరపకాయా కలిసి గుమ్మం దాటి, హాల్లోకొచ్చి, ఎవరు ఆఫీసరో ఎవరు గుమాస్తానో చూడకుండా అందరికీ సమానంగా పంచబడ్డాయి. ఘోషాల్ బాబు జీవితమంతా ఊరేగింపుల్లో తిరిగి అడిగిన సమానత్వం అదే అయి ఉంటుంది.

"ఏమే! మిక్సీ!" అన్నారు తాతయ్య.

"తీగ లాగెయ్యండి!"

ఆయన గుమ్మం దాకా వెళ్ళారు, ముఖం తుడుచుకుంటూ వెనక్కొచ్చారు, మూలనున్న గొడుగు తీశారు, విప్పారు, దాన్ని ముందుకు పట్టుకుని యుద్ధానికెళ్ళినట్టు వంటింట్లోకి నడిచారు. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన్ని అంత ధీరుడిగా నేనెప్పుడూ చూడలేదు.

ఫాను అటు తిరిగినప్పుడు బల్లమీద కొవ్వొత్తి పోయింది. ఆ గోలలో, ఆ గోల్‌లో, చెంపమీద పచ్చడితో నిలబడి ఉన్న శారదగారు ఒక మాట అన్నారు.

"అయ్యో, కొవ్వొత్తి కొండెక్కిందండీ."

నేను ఆవిడ ముఖంలోకి చూశాను. కొవ్వొత్తికి కూడా కొండే! ఆ ఒక్కమాటకి నా ప్రాణం ఎంత స్థిమితపడిందంటే, ఇంట్లో ఇంకా ముగ్గురు దేవతలు నాట్యం చేస్తున్నారన్న సంగతి మరిచిపోయాను. సరస్వతి నోరు ముందు మూయిద్దామని 'కొండ రేడియో' కొట్టాను. ఖాయమేనా అని అడిగింది. ఖాయమన్నాను. గోలు కొట్టినవాడి పేరు సగంలో ఆగింది.

ఆ నిశ్శబ్దంలో కిందనుంచి కేక వినబడింది. "బౌదీ! జొల్! జొల్!"

నీళ్ళు అంటున్నాడు ఘోషాల్ బాబు. ట్యాంకు ముందే నిండి ఉంది కదా. ఇప్పుడెక్కిన నీళ్ళన్నీ పొర్లు గొట్టంలోంచి కిందకి, సరిగ్గా ఆయన రోజూ సాయంత్రం పడక్కుర్చీ వేసుకునే అరుగుమీదకి దిగుతున్నాయి. మోటారు మేడమీదికి వినబడదు. అందుకని దాన్ని నేను లెక్కలోకే తీసుకోలేదు.

వెంటనే సందులోంచి మామయ్య గొంతు. చేతిలో ఐసు ముక్కల సంచీతో నిలబడి అరుస్తున్నాడు. "అమ్మా! ఆఫ్ అని కొట్టెయ్! ఒక్కమాటే! అన్నీ ఆగిపోతాయి!"

నేను కంప్యూటర్ వదిలేసి వరండాలోకి పరిగెత్తాను. ఇక్కడ బుద్ధిమంతులెవరైనా కుర్చీలోనే ఉండి 'కొండ పంప్' కొడతారు. కానీ గోరుచుట్టు మీద రోకటిపోటు పడినప్పుడు బుద్ధి వేలు దగ్గరుండదు, రోకలి దగ్గరుంటుంది.

"సంధ్యవేళరా శేఖరూ! ఆ మాట నాను కొట్టను!"

"అమ్మా, ఘోషాల్ దాదా తడిసిపోతన్నాడు!"

"తడిస్తే ఆరతాడు! సుభమా అని పెళ్ళిమాటలు జరుగుతన్నాయి, ఇంట్లో అలాటి మాట కొట్టమంటావేట్రా?"

"పెళ్ళిమాటలు నీళ్ళల్లో కొట్టుకుపోతన్నాయే అమ్మా!"

సందులో దర్జీలందరూ మిషన్లు ఆపి బయటికొచ్చారు. తెలుగు రాకపోయినా విషయం అందరికీ అర్థమైనట్టే కనబడింది. మామయ్య ఇంక లాభంలేదని మెట్లవైపు పరిగెత్తాడు. అయితే అప్పటికే ఘోషాల్ బాబు మెట్లెక్కుతున్నాడు. మా మెట్లు సన్నం. ఘోషాల్ బాబు సన్నం కాదు. తడిసిన పంచె పట్టుకుని ఆయన ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే, వెనకాల మామయ్య ఐసు సంచీతో రథం వెనక భక్తుడిలా నడవాల్సి వచ్చింది.

లోపల రామ్మూర్తిగారు కళ్ళజోడు తుడుచుకుని లేచారు. ఆఫీసరు కదా, ఎవరో ఒకరు నిర్ణయం తీసుకోవాలి అన్నట్టు కంప్యూటర్ వైపు నడిచారు. "ఆ ఒక్కమాటే కదండీ, నేను కొట్టేస్తాను."

"మీరు కూర్చోండి!" అన్నారు శారదగారు.

నేను వరండాలోంచి లోపలికొచ్చేసరికి ఆవిడ కంప్యూటర్‌కి అడ్డంగా నిలబడి ఉన్నారు. పట్టుచీర, చెంపమీద పచ్చడి, జుట్టునిండా పంచదార. దసరాల్లో పందిట్లో నిలబెట్టిన దుర్గమ్మకి కూడా అంత కళ ఉండదు.

"దేవుడి దీపం వెలుగుతోంది, పిల్ల పెళ్ళిమాట మీద ఉన్నాం, ఆ మాట కొడతారా మీరు? మగవాళ్ళకి తెలీదు." ఆ తరవాత నావైపు తిరిగి చెయ్యి చాపారు. "వదినగారూ, మీరు వచ్చి ఆ కొండమాటే కొట్టండి. ఎన్నుంటే అన్నీ కొట్టండి. నేను ఎవర్నీ రానివ్వను."

వదినగారూ అన్నారు. పిల్లలూ, వియ్యపురాళ్ళు ఒకరినొకరు పిలుచుకునే పిలుపది. ఆవిడ నోట్లోంచి వచ్చేసింది. ఆవిడకే తెలిసినట్టు లేదు. రామ్మూర్తిగారికి తెలిసింది. ఆయన నెమ్మదిగా వెనక్కొచ్చి కూర్చున్నారు, పంచదార మీద.

నేను కుర్చీలో కూలబడి 'కొండ' దాకా కొట్టాను. కళ్ళజోడు నిండా మిరపకాయ. తుడుచుకుంటున్నాను. అంతలో గుమ్మంలో ఘోషాల్ బాబు ప్రత్యక్షమయ్యాడు. ఆయనకి గడ్డంలోంచి నీళ్ళు కారుతున్నాయి, మీసంలోంచి కారుతున్నాయి. చొక్కా జేబులో పార్టీ పేపరు మడత ముద్దయిపోయింది.

"బౌదీ, ఏం జరుగుతోంది?" అన్నాడు బెంగాలీలో. ఎంతో మర్యాదగా అన్నాడు. అదే భయం వేసింది.

మామయ్య ఆయన భుజం పక్కనుంచి తల పెట్టి, ఒక్క మాట కొడితే ఆగుతుందనీ, ఆ మాట మా ఆడవాళ్ళు కొట్టరనీ, కొట్టనివ్వరనీ, ఎందుకంటే దేవుడి దగ్గర దీపం ఉందనీ బెంగాలీలో గడగడా చెప్పాడు.

ఘోషాల్ బాబు నన్ను చూశాడు, శారదగారిని చూశాడు, అలమరలో అప్పన్నని చూశాడు. ముప్ఫై ఏళ్ళుగా తాను చెబుతున్నదానికి ఇంతకన్నా రుజువేం కావాలన్నట్టు ఆయన ముఖం ఒక్కసారి వెలిగింది.

"నాకు దేవుడు లేడు" అన్నాడు. "నేను కొట్టొచ్చా?"

నేను శారదగారివైపు చూశాను. ఆయనన్నది తెలుగులో చెప్పాను. ఇది శాస్త్రానికి సంబంధించిన ప్రశ్న. "ఆయనకి పట్టింపు లేదు కనక ఆయనకి దోషం లేదు" అన్నారు. "మనం కొట్టలేదు కనక మనకీ లేదు." పక్కకి జరిగారు.

అందుకే చెబుతున్నాను, ప్రతి ఇంటికీ ఒక నాస్తికుడు అందుబాటులో ఉండాలి. ఘోషాల్ బాబు వచ్చి, తడివేలు పంచెకి తుడుచుకుని, నేను సగం కొట్టిన కొండని చెరిపి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆ మాట కొట్టాడు. మేమిద్దరం కళ్ళు మూసుకున్నాం.

డబ్బా టకటకా మెటికలు విరిచింది. అన్నీ ఆగిపోయాయి. కింద నీళ్ళు ఆగాయి. ఫాను ఆగింది. లైటు పోయింది, దేవుడి బల్బూ పోయింది. వంటింట్లోంచి తాతయ్య గొడుగుతోసహా బయటికొచ్చి, చేతిలో మిక్సీ తీగ చూపించి, "నాను అప్పుడే లాగీసేను. ఎవరూ వినిపించుకోలేదు" అన్నారు.

"బౌదీ, మీ ఠాకూర్ బల్బు కూడా..." అన్నాడు ఘోషాల్ బాబు. ఠాకూర్ అంటే దేవుడు. మొదటిసారి ఆయన గొంతులో కాస్త తప్పుచేసిన బెరుకు వినబడింది.

"పర్లేదు దాదా, కొండెక్కింది" అన్నాం నేనూ శారదగారూ ఒక్కసారే.

"వదినగారూ, ప్రమిద ఎక్కడుంది?" అని ఆవిడ చీకట్లో తడుముకుంటూ అలమర దగ్గరికి వెళ్ళారు. నేను నూనె అందించాను. మా ఇంట్లో, మా దేవుడి ముందు, ఆవిడ చేతులతో ఆవిడే దీపం వెలిగించారు. ఆ వెలుగులో చూస్తే హాలంతా ఎర్రటి చుక్కలే. పైకప్పు మీదనుంచి ఒక చుక్క జారి, రామ్మూర్తిగారి చేతిమీద పడింది. ఆయన దాన్ని కాసేపు చూసి, నాలిక్కి రాసుకున్నారు.

"ఇందులో మామిడికాయ వేశారా?"

"వేశానండీ."

"బావుంది."

ఆ తరవాత ఆయన గొంతు సవరించుకున్నారు. బ్యాంకులో అప్పు మంజూరు చేసేముందు ఆఫీసర్లు అలాగే సవరించుకుంటారట. గుమ్మంలో మామయ్య నిలబడి ఉన్నాడు. సంచీలో ఐసు కరిగి వాడి చెప్పులమీద కారుతోంది.

"సంబంధం మాకు ఇష్టమే బావగారూ" అన్నారు ఆయన తాతయ్యతో. "ముహూర్తం మీరు పెట్టించండి. మండపం మేం చూసుకుంటాం. మా షరతు ఒక్కటే. ఆ మండపంలో ప్రతి లైటుకీ గోడమీద స్విచ్చుండాలి. స్విచ్చుల దగ్గర ఒక మనిషి నిలబడాలి." నావైపు చూడకుండా అన్నారు. "ఆ మనిషి మా చెల్లెమ్మ కాకూడదు."

తాతయ్య గొడుగు మూశారు. "ఒప్పుకుంటన్నాం" అన్నారు. అంత త్వరగా ఆయన ఏ మాటా ఒప్పుకోగా నేను చూడలేదు.

కాబట్టి పిల్లలూ, సింహాద్రి అప్పన్న సాక్షిగా, కాళీఘాట్ అమ్మవారి సాక్షిగా, మీ అమ్మమ్మ ఈరోజు మీ ఎదుట ప్రమాణం చేస్తోంది. కరెంటు లేని సంధ్యవేళ, పిల్లనిచ్చేవాళ్ళు ఎదురుగా కూర్చుని ఉండగా, మూతలేని మిక్సీకి ఆజ్ఞ ఇచ్చే పని ఈ జన్మలో మళ్ళీ చెయ్యను. పెళ్ళి కావలసిన కొడుకులు నాకింక లేరు కనక, ఈ మాట నిలబెట్టుకోవడం పెద్ద కష్టం కాదనే అనుకుంటున్నాను.